ముడి చమురు పెరిగితే మన షేరు పెరుగుతుందా?

కర్నూలులో ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. ఉపాధ్యాయులు, విద్యుత్తు శాఖ ఉద్యోగులు, మందుల దుకాణదారులు, హార్డ్‌వేర్ వ్యాపారులు ఏటా జూన్, జూలై నెలలలో తమ కాగితాలు తెచ్చి ఇస్తారు. పూర్వం ఆ కాగితాలలో ఫారం 16, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్టు, ఎల్‌ఐసీ రసీదులు, పిల్లల ఫీజు రసీదులు ఉండేవి. 2020 తర్వాత వాటికి తోడుగా బ్రోకరు పంపిన లాభనష్టాల పట్టిక రావడం మొదలైంది. ఆ పట్టికలను వరుసగా చూస్తూ వస్తున్న నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి చమురు కంపెనీల షేర్లు. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా, ఇండియన్ ఆయిల్, హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్, చెన్నై పెట్రోలియం, ఎంఆర్‌పీఎల్ పేర్లలో ఒక్కటైనా లేని పట్టిక నాకు అరుదుగా కనబడుతుంది. కొన్నవారిలో చాలామంది వాటిని ఏళ్ల తరబడి ఉంచుకోవడం లేదు. ముడి చమురు ధర ఊగినప్పుడల్లా కొంటున్నారు, అమ్ముతున్నారు, మళ్లీ కొంటున్నారు. ముడి చమురు ధర తెలిస్తే చమురు షేరు తెలిసినట్లేననే నమ్మకం వీటన్నిటి వెనుక ఉంది. ఆ నమ్మకం ఎందుకు సగమే నిజమో, ఆ మిగతా సగం తెలియక చిన్న సొమ్ములు ఎలా కరిగిపోతున్నాయో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మనవాళ్లు ఈ షేర్లను ఎంచుకోవడానికి కారణాలు లేకపోలేదు. ప్రభుత్వ కంపెనీ కాబట్టి మునిగిపోదనే ధీమా ఉంటుంది. ఏటా డివిడెండు వస్తుంది. షేరు ధర వందలలోనే ఉంటుంది కాబట్టి పాతిక వేల రూపాయలున్నవారు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో కొనగలరు. బండిలో పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ కంపెనీ పేరు కళ్లెదుటే ఉంటుంది. వీటన్నిటికీ మించి, మందుల కంపెనీ షేరు కొనాలంటే అమెరికా తనిఖీ అధికారులు ఏ ఫ్యాక్టరీలో ఏ లోపం పట్టుకున్నారో తెలియాలి, సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరు కొనాలంటే ఎక్కడెక్కడి కాంట్రాక్టులో తెలియాలి. చమురు విషయంలో మాత్రం యుద్ధం వచ్చింది, పీపా ధర పెరిగింది అని రాత్రి టీవీలో చెప్పినదే చాలుననిపిస్తుంది.

2025 జూన్ 13న ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడి చేసినప్పుడు బ్రెంట్ రకం ముడి చమురు ఆ ఒక్కరోజే ఏడు శాతం దాకా పెరిగింది. ఆ వారం నా దగ్గరకు కాగితాలు తెచ్చిన ఒక వైద్యశాల ఉద్యోగి, "క్రూడ్ పెరుగుతోంది సార్, ఓఎన్‌జీసీ తీసుకున్నాను" అన్నాడు. మరుసటి రోజు వచ్చిన ఒక ప్లాస్టిక్ సామాన్ల వ్యాపారి, "క్రూడ్ పెరుగుతోంది కదా సార్, హెచ్‌పీసీఎల్ తీసుకున్నాను" అన్నాడు. ఇద్దరూ విన్న వార్త ఒకటే. కానీ ఆ వార్త మొదటి కంపెనీకి అనుకూలం, రెండో కంపెనీకి ప్రతికూలం. దాడి జరిగిన రోజున ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా పెరగ్గా హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్, ఇండియన్ ఆయిల్ పడ్డాయి. వ్యాపారి కొన్న కంపెనీకి ముడి చమురు సరుకు కాదు, ముడిసరుకు. తన దుకాణంలోని బిందెలకు, బకెట్లకు కావలసిన ప్లాస్టిక్ గుళికల ధర పెరిగితే తనకు లాభమా నష్టమా అని ఆయన క్షణం ఆలోచించి ఉంటే ఆ షేరు కొనేవాడు కాదని నా నమ్మకం.

చమురు కంపెనీ అనే ఒకే పేరు కింద కనీసం మూడు వేర్వేరు వ్యాపారాలున్నాయి. భూమిలోంచో సముద్రంలోంచో తవ్వి తీసేవారు మొదటివారు. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా ఈ కోవకు చెందుతాయి. రాజమహేంద్రవరం చుట్టుపక్కల, కాకినాడ తీరానికి ఆవల జరిగే తవ్వకం ఇదే. పీపా ధర పెరిగితే వీరి రాబడి పెరుగుతుంది. ముడి చమురు కొని శుద్ధి చేసి అమ్మేవారు రెండోవారు. ఎంఆర్‌పీఎల్, చెన్నై పెట్రోలియం ప్రధానంగా ఇవే చేస్తాయి. వీరికి ముఖ్యం పీపా ధర కాదు, కొన్న ముడి చమురుకూ దాన్నుంచి తీసిన డీజిలు, పెట్రోలు, విమాన ఇంధనాల ధరకూ మధ్య మిగిలే తేడా. దాన్ని గ్రాస్ రిఫైనింగ్ మార్జిన్ అంటారు. సింగపూరు మార్కెట్లో డీజిలు కొరత ఉంటే ముడి చమురు ధర కదలకపోయినా వీరి లాభం రెట్టింపు కావచ్చు. ముడి చమురు పెరిగి డీజిలుకు గిరాకీ లేకపోతే లాభం ఆవిరి కావచ్చు. ఆ తేడాలో వచ్చే చిన్న మార్పే మొత్తం లాభాన్ని ఊపేస్తుంది కాబట్టి, ఈ షేర్లు మిగతావాటికంటే ఎక్కువగా ఎగిరిపడుతుంటాయి. మూడోవారు ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్. వీరికి శుద్ధి కర్మాగారాలున్నాయి, బంకులూ ఉన్నాయి, వంటగ్యాసు బండలూ ఉన్నాయి. హెచ్‌పీసీఎల్ కర్మాగారం మన విశాఖపట్నంలోనే ఉంది. శుద్ధిలో మిగిలేది ఒకటైతే, బంకులో లీటరుకు మిగిలేది మరొకటి. ఆ రెండోది ఎంత ఉండాలో చాలాసార్లు కంపెనీ నిర్ణయించదు.

అసలు విషయం ఇక్కడుంది. ఈ షేరుకూ ముడి చమురు ధరకూ మధ్య ఢిల్లీ ఉంది. పీపా ధర పెరిగినప్పుడు ఆ పెరుగుదల ఎవరి చేతికి పోవాలో, తగ్గినప్పుడు ఆ తగ్గుదల ఎవరికి మిగలాలో నిర్ణయించేది అక్కడే.

2022 జూలై 1 శుక్రవారం ఉదయం జరిగినది దీనికి మంచి ఉదాహరణ. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వల్ల అప్పటికి బ్రెంట్ పీపా వంద డాలర్ల పైనే ఉంది. తవ్వేవారికి పండగ అనుకుని ఓఎన్‌జీసీ కొన్నవారు దేశమంతటా ఉన్నారు, మన జిల్లాలోనూ ఉన్నారు. ఆ రోజు కేంద్రం దేశంలో తవ్వి తీసే ముడి చమురుపై టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక అదనపు ఎక్సైజు సుంకం విధించింది. లెక్కవేస్తే పీపాకు సుమారు 40 డాలర్లవుతుంది. పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనాల ఎగుమతులపైన కూడా సుంకం వేసింది. ఓఎన్‌జీసీ షేరు ఆ ఒక్కరోజే పదమూడు శాతానికి పైగా పడింది. రిలయన్స్ ఏడు శాతం దాకా పడింది. ముడి చమురు ధర ఆ రోజు కూలలేదు, అక్కడే ఉంది. పడింది షేరు మాత్రమే. ఆ తర్వాత ఈ సుంకాన్ని పదిహేను రోజులకొకసారి సమీక్షించి పెంచుతూ తగ్గిస్తూ వచ్చి, చివరకు 2024 డిసెంబరులో ఎత్తివేశారు. అంటే దాదాపు రెండున్నరేళ్ల పాటు ఓఎన్‌జీసీ షేరు కొన్నవారు పీపా ధరతో పాటు ప్రతి పక్షం వచ్చే ప్రభుత్వ ఉత్తర్వును కూడా చదవాల్సి వచ్చింది. నా దగ్గరకు వచ్చినవారిలో దాన్ని చదివినవారు ఎవరూ కనబడలేదు.

ఈ సంగతి మన ప్రాంతపు ఉల్లి రైతుకు నేను చెప్పనక్కరలేదు. కృష్ణాపురం ఉల్లి కడప, కర్నూలు జిల్లాలలో ఎగుమతి కోసమే పండే పంట. ఘాటు ఎక్కువ కాబట్టి మన ఇళ్లలో దాన్ని పెద్దగా వాడరు, మలేసియా, సింగపూరు వైపు పోతుంది. 2020 సెప్టెంబరు 14న కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించినప్పుడు, మనం తినని ఈ ఉల్లి కూడా ఆ నిషేధంలో చిక్కుకుంది. రైతులు మొరపెట్టుకున్న మీదట అక్టోబరులో పదివేల టన్నుల వరకు చెన్నై రేవు నుంచి పంపుకోవడానికి అనుమతి ఇచ్చారు. ధర పెరిగిన మాట నిజమే, కానీ పెరిగిన ధర పండించినవాడి చేతికి చేరేలోపు ఉత్తర్వు వచ్చింది. మైదుకూరు రైతు ఆ ఏడాది తెలుసుకున్న విషయమే ఓఎన్‌జీసీ వాటాదారు 2022లో తెలుసుకున్నాడు. తేడా ఏమిటంటే, రైతుకు మరో దారి లేక ఆ పంట వేశాడు. వాటాదారు తనంతట తాను కోరి కొన్నాడు.

బంకుల కంపెనీల కథ ఇంతకంటే తీవ్రమైనది. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లో, డీజిలు ధరపై 2014 అక్టోబరులో ఎత్తివేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ ధరలు మారడం మొదలైంది. ఇక ఈ కంపెనీలు స్వతంత్రమైనాయని మార్కెట్టు నమ్మింది. 2018 అక్టోబరు 4న, పీపా ధర 85 డాలర్లు దాటి ఉన్న సమయంలో, ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయిన్నర సుంకం తగ్గిస్తున్నామని, మరో రూపాయిని చమురు కంపెనీలు భరిస్తాయని ప్రకటించారు. ఒక్క రూపాయి! మర్నాడు హెచ్‌పీసీఎల్ షేరు సుమారు నాలుగో వంతు విలువ కోల్పోయింది, బీపీసీఎల్ అయిదో వంతు కోల్పోయింది. ఆ రూపాయి వల్ల పోయే లాభం కంటే, ఎప్పుడైనా మళ్లీ ఇలా అడగవచ్చుననే భయానికి మార్కెట్టు వెల కట్టింది. ఆ వెల కట్టడం సరైనదేనని తర్వాతి సంవత్సరాలు నిరూపించాయి. 2022 ఏప్రిల్ నుంచి బంకు ధరలను కదలనివ్వలేదు. ముడి చమురు వంద డాలర్లకు పైగా పెట్టి కొని పాత ధరకే అమ్మినందువల్ల, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లోనే హెచ్‌పీసీఎల్ 10,196 కోట్ల రూపాయల నష్టాన్ని ప్రకటించింది. తర్వాత ముడి చమురు తగ్గింది, బంకు ధర మాత్రం తగ్గలేదు. అదే కంపెనీ 2023-24లో 14,694 కోట్ల లాభం చూపింది. 2023 అక్టోబరుకూ 2024 ఫిబ్రవరికీ మధ్య ఆ షేరు రెట్టింపుకు మించి పెరిగింది. అంతటి నష్టానికీ, అంతటి లాభానికీ కారణం ఒక్కటే: బంకులోని ధర మారకపోవడం.

వంటగ్యాసు సంగతి కూడా దీనికి కలుపుకోవాలి. బండను కొన్న ధర కంటే తక్కువకు అమ్మించి, పోయిన సొమ్మును ఎప్పుడో తర్వాత ప్రభుత్వం తీరుస్తుంది. 2022 అక్టోబరులో 22,000 కోట్లు, 2025 ఆగస్టులో 30,000 కోట్లు ఇలా మంజూరు చేసింది. ఆ సొమ్ము వస్తుందా, ఎంత వస్తుంది, ఎన్ని వాయిదాలలో వస్తుంది అన్నది ముడి చమురు చార్టు చూసి చెప్పగలిగే విషయం కాదు.

ఇవన్నీ చెప్పిన తర్వాత కూడా కొందరు, "మేము ఏళ్ల తరబడి ఉంచుకోవడానికి కొనడం లేదు కదా, వార్త వచ్చిన రోజు కొని రెండు రోజులకు అమ్మేస్తాం, మాకు ఢిల్లీతో పని ఏమిటి?" అని అడుగుతారు. సూటిగా అడిగిన ప్రశ్న కాబట్టి సూటిగానే జవాబు చెప్పాలి. ముడి చమురు బేరం లండన్, న్యూయార్కులలో మన రాత్రివేళ జోరుగా సాగుతుంది. మన స్టాకు మార్కెట్టు మధ్యాహ్నం మూడున్నరకు మూసి, మర్నాడు తొమ్మిదింబావుకు తెరుస్తుంది. రాత్రి పదింటికి కర్నూలులో మనం విన్న వార్తను ముంబైలోని ఫండు మేనేజరూ, సింగపూరులోని వ్యాపారీ అప్పుడే విన్నారు. తొమ్మిది నుంచి తొమ్మిదింబావు మధ్య జరిగే ప్రీ ఓపెన్ వేలంలోనే ఆ వార్త ధరలో కలిసిపోతుంది. తొమ్మిదింబావుకు మనకు దొరికేది వార్త కలిపిన ధర. దాని మీద ఇంకా పెరగాలంటే రాత్రి వచ్చిన వార్త చాలదు, మరో కొత్త వార్త కావాలి.

2019 సెప్టెంబరు 14, శనివారం సౌదీ అరేబియాలోని అబ్‌కైక్ చమురు కేంద్రంపై దాడి జరిగి ఆ దేశపు ఉత్పత్తిలో సగం నిలిచిపోయింది. సోమవారం బ్రెంట్ పదిహేను శాతానికి దగ్గరగా పెరిగి ముగిసింది. ఇక వంద డాలర్లేనని ఊరూరా చెప్పుకున్నారు. నెలాఖరు వచ్చేసరికి ధర దాడికి ముందున్న చోటికి తిరిగి వచ్చేసింది. 2025 జూన్‌లోనూ ఇదే జరిగింది. పదమూడో తేదీన ఎగిరిన ధర, ప్రపంచపు చమురు వాడకంలో అయిదో వంతు సాగే హోర్ముజ్ జలసంధి మూతపడుతుందనే భయంతో పది రోజుల పాటు పైనే ఉండి, కాల్పుల విరమణ వార్తతో ఇరవై మూడు, ఇరవై నాలుగు తేదీల్లో మొదటి చోటు కంటే కిందికి దిగిపోయింది. ఇటువంటి ఊగిసలాటలో వార్త మీద కొన్నవారికి శిఖరమే దొరుకుతుంది, విరమణ వార్త మీద అమ్మినవారికి అడుగే దొరుకుతుంది.

ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడి పట్టికను ఈ దృష్టితోనే వరుస వరుసగా చదివాను. బ్రోకరు పంపే కాంట్రాక్టు నోటులో ప్రతి కొనుగోలు పక్కన గంట, నిమిషం, సెకను ముద్రించి ఉంటాయి. ఆయన కొనుగోళ్లలో అధిక భాగం తొమ్మిదింబావుకూ తొమ్మిదిన్నరకూ మధ్య జరిగినవే, అంటే బడి గంట కొట్టేలోపు. అమ్మకాలు మధ్యాహ్న భోజన విరామంలో, లేదా మూడు దాటాక. ఆయన పెట్టుబడి అరవై వేల రూపాయలు. దానితోనే హెచ్‌పీసీఎల్, ఓఎన్‌జీసీ మార్చి మార్చి ఏడాదిలో దాదాపు నలభై సార్లు తిప్పారు. బ్రోకరేజి సున్నా కాబట్టి ఖర్చు లేదని ఆయన భావన. డెలివరీ తీసుకుని, అంటే షేరు మన ఖాతాకు వచ్చాక, అమ్మితే కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం సెక్యూరిటీల లావాదేవీ పన్ను పడుతుంది; అరవై వేలకు అది నూట ఇరవై రూపాయలు. స్టాంపు డ్యూటీ, ఎక్స్ఛేంజి రుసుము, జీఎస్టీ, అమ్మిన ప్రతిసారీ డీమ్యాట్ ఖాతా నుంచి షేరు తీసినందుకు పడే రుసుము కలిపితే ఒక్కో తిప్పుకు నూట యాభై దాకా అవుతుంది. నలభై తిప్పులకు ఆరువేలు. అంటే లాభం వచ్చినా రాకపోయినా పెట్టుబడిలో పదో వంతు ఖర్చుల కిందే పోయింది. ధరల తేడాలో ఆయనకు కొద్దిపాటి లాభమే కనిపించింది. ఖర్చులు తీసివేశాక అది నష్టమైంది. నేను ఆ మొత్తం రాసి చూపించినప్పుడు ఆయన చాలాసేపు ఆ కాగితాన్నే చూశారు. తెలివైన మనిషి, గణితం బోధించేవారు. ఆయనకు లెక్క రాక కాదు. యాప్‌లో ఆ లెక్కను ఒక్కచోట చూపించేవారు లేక.

ఆయన ప్రభుత్వోద్యోగి కూడా. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు షేర్లను తరచుగా కొని అమ్మడాన్ని స్పెక్యులేషన్‌గానే పరిగణిస్తాయి. రాష్ట్ర ఉద్యోగుల నియమాల్లోనూ స్పెక్యులేషన్‌పై నిషేధం ఉంది. పెట్టుబడికి అడ్డు లేదు, ఈ తిప్పుడుకు ఉంది. ఈ సంగతి మన ఉపాధ్యాయులలో చాలామందికి తెలియదు, ఎవరో ఒకరు ఫిర్యాదు చేసినప్పుడే తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది సొంత డబ్బుతో షేరు కొన్నవారి గురించి. ఫ్యూచర్స్, ఆప్షన్ల జోలికి, అంటే షేరుకు పూర్తి ధర పెట్టకుండా దాని రేపటి ధర మీద చేసుకునే ఒప్పందాల జోలికి, వెళ్లినవారి పట్టికలు చూడడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఓఎన్‌జీసీ, హెచ్‌పీసీఎల్ వంటి షేర్లలో ఒక్క లాటు (తప్పక కలిపి కొనవలసిన షేర్ల కట్ట) విలువ లక్షల రూపాయల్లో ఉంటుంది. దానికి మార్జిన్‌గా, అంటే పూచీ సొమ్ముగా, కట్టేది అందులో కొంతభాగమే. షేరు అయిదు శాతం పడితే మనం కట్టిన దానిలో నాలుగో వంతో, అంతకన్నా ఎక్కువో ఎగిరిపోతుంది. 2022 జూలై 1 వంటి రోజు వస్తే కట్టినదానిలో సగానికి మించి పోతుంది. ఆ రోజు స్టాప్ లాస్, అంటే ధర ఇంతకు దిగితే అమ్మేయమనే ఆదేశం, పెట్టినవారిని కూడా అది ఆదుకోకపోవచ్చు, ఎందుకంటే ధర మెట్టు మెట్టుగా దిగకుండా ఒక్క దూకులో కిందికి పోతే, మనం పెట్టిన ధర దగ్గర కొనేవారే ఉండరు. స్టాకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. షేర్లలోనే ఇంట్రాడే చేసేవారిలో, అంటే కొన్న రోజే అమ్మేసేవారిలో, పదిమందికి ఏడుగురు నష్టపోతున్నారని అదే ఏడాది జూలైలో వెలువడిన మరో అధ్యయనం చెప్పింది.

ముడి చమురునే నేరుగా కొందామని సరుకుల ఎక్స్ఛేంజి అయిన ఎంసీఎక్స్‌కు వెళ్లినవారికి 2020 ఏప్రిల్ 20 గుర్తుండాలి. లాక్‌డౌన్ వల్ల ఆ రోజుల్లో అక్కడి బేరం సాయంత్రం అయిదింటికే ముగిసేది. ఆ సాయంత్రం ఏప్రిల్ కాంట్రాక్టు పీపా వెయ్యి రూపాయలకు కాస్త తక్కువలో ఆగింది. ఇంత చవకగా ఎప్పుడూ దొరకలేదని కొని ఉంచుకున్నవారున్నారు. మన అర్ధరాత్రి న్యూయార్కులో డబ్ల్యూటీఐ అనే అమెరికా రకం ముడి చమురు ధర సున్నా దాటి కిందికి పోయి, మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. దానినిబట్టి మన కాంట్రాక్టును పీపాకు మైనస్ 2,884 రూపాయలుగా తేల్చారు. లాటుకు నూరు పీపాలు. కొన్న సొమ్ము మొత్తం పోయి, పైన లాటుకు మరో 2,88,400 రూపాయలు కట్టాల్సి వచ్చింది. షేరు కొన్నవాడికి పోయేది ఎక్కువలో ఎక్కువ పెట్టినదే. ఈ దారిలో పెట్టనిది కూడా పోతుంది. బంగారం తాకట్టు పెట్టి మార్జిన్ కట్టేవారిని, బ్రోకరు దగ్గర వడ్డీకి తీసుకుని షేరు కొనేవారిని నేను ఆపగలిగినంత ఆపుతున్నాను.

పడిన షేరు ఎన్నటికైనా పాత ధరకు చేరుతుందనే ఆశ ఇంకొకటుంది. సముద్రంలో తవ్వే రిగ్గులను అద్దెకిచ్చే అబాన్ ఆఫ్‌షోర్ షేరు 2008 మొదట్లో అయిదు వేల రూపాయలకు అటూ ఇటూ పలికింది. ఆ కంపెనీ మోసిన అప్పు పెద్దది. 2010 మే నెలలో దాని రిగ్గు ఒకటి వెనెజులా తీరంలో మునిగిపోయింది. 2014 తర్వాత చమురు ధర కూలి రిగ్గులకు గిరాకీ తగ్గాక షేరు రెండంకెలకు దిగింది. దిగుతున్నంత కాలమూ, ఒకప్పుడు వేలు పలికిన షేరు ఇంత చవకగా దొరుకుతోందని మళ్లీ మళ్లీ కొని తమ సగటు ధరను తగ్గించుకుంటూ (యావరేజి చేసుకుంటూ) పోయినవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. చమురు ధర తర్వాత వంద దాటింది కూడా. ఆ షేరు లేవలేదు.

వీటన్నిటి మధ్య నష్టపోనివారు కూడా ఉన్నారు, వారి పట్టికలు చూడడానికి చాలా చిన్నవి. ఆదోని నుంచి వచ్చే ఒక పత్తి వ్యాపారి ఆయిల్ ఇండియా, ఇండియన్ ఆయిల్ షేర్లను ఏళ్లుగా ఉంచుకున్నారు. చమురు పడి అందరూ అమ్ముతున్నప్పుడు కొద్దిగా కొంటారు, వార్తల రోజున ఏమీ చేయరు, డివిడెండు వస్తే మనుమరాలి పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో వేస్తారు. ఈ కంపెనీలలో పెట్టినది తన మొత్తం పొదుపులో ఇంత భాగం దాటకూడదని ఆయనకొక కట్టడి ఉంది. ఆయనకు ముడి చమురు గురించి ఉపాధ్యాయుడి కంటే ఎక్కువ తెలుసునని నేననుకోను. పత్తి ధరలోనూ ప్రభుత్వం వేలు పెడుతుందని అనుభవంతో తెలుసుకున్న మనిషి కాబట్టి, చమురులోనూ పెడుతుందని ముందే అనుకుని కొన్నారు.

ఇక నా వృత్తికి సంబంధించిన కొన్ని సంగతులు. బోనస్ షేర్లు, అంటే ఉన్న షేర్లకు కంపెనీ ఉచితంగా ఇచ్చే షేర్లు, వచ్చినప్పుడు ధర ఒక్కసారిగా తగ్గి కనిపిస్తుంది. 2024లో బీపీసీఎల్ ఒకటికి ఒకటి ఇచ్చినప్పుడు ధర సగమైంది. కూలిపోయిందని భయపడి అమ్మిన వారి పట్టిక నా దగ్గరకు వచ్చింది. అదే ఏడాది హెచ్‌పీసీఎల్, అంతకు ముందు 2022లో ఇండియన్ ఆయిల్, రెండుకు ఒకటి చొప్పున ఇచ్చాయి. బోనస్‌గా వచ్చిన షేరు కొన్న ధరను పన్ను లెక్కలో సున్నాగా చూపాలి, కాబట్టి దాన్ని అమ్మితే వచ్చిన మొత్తమంతా లాభమే. ఏడాదిలోపు అమ్మిన షేరుపై లాభానికి 2024 జూలై 23 నుంచి 20 శాతం పన్ను. డివిడెండు మన మిగతా ఆదాయంతో కలిసి స్లాబు ప్రకారం పన్నుకు లోబడుతుంది. భార్యకు డబ్బిచ్చి ఆమె ఖాతాలో షేర్లు తిప్పితే ఆ లాభం భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఇంట్రాడే నష్టాన్ని స్పెక్యులేషన్ లాభం నుంచే తీసివేయాలి, నాలుగేళ్లు మాత్రమే ముందుకు తీసుకుపోవచ్చు. ఫ్యూచర్స్, ఆప్షన్ల నష్టాన్ని వ్యాపార నష్టంగా, డెలివరీ నష్టాన్ని మూలధన నష్టంగా ఎనిమిదేళ్లు తీసుకుపోవచ్చు. ఈ నష్టాలేవీ సహజ్ (ఐటీఆర్-1) ఫారంలో చూపలేము, గడువు దాటాక వేసిన రిటర్నులో చూపినా ముందుకు తీసుకుపోవడానికి చెల్లవు. అందువల్ల నష్టం వచ్చింది కదా, చూపేదేముందని పట్టికను ఇంట్లోనే వదిలి రావద్దు. బ్రోకరు పట్టికతో పాటు ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) కూడా దించుకుని తీసుకురండి. మీరు కొన్నది, అమ్మినది, అందుకున్న ప్రతి డివిడెండు అందులో ఇప్పటికే నమోదై ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసిన తర్వాతే రిటర్ను వేద్దాం.